640 లైన్ల ఫంక్షన్‌లో చిన్న ఫంక్షన్లకు చోటేది?

మిర్యాలగూడ నుంచి పేరు రాయని ఒక పాఠకురాలి ఉత్తరం. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపైలర్ బృందంలో 14 నెలలుగా పనిచేస్తున్నారు. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. కంపెనీ సొంత ప్రాసెసర్ కోసం సీ ప్లస్ ప్లస్‌లో రాసుకున్న కంపైలర్ అది, అంటే మనుషులు రాసిన ప్రోగ్రామును ఆ ప్రాసెసర్ నడిపే ఆదేశాలుగా (ఇన్‌స్ట్రక్షన్లుగా) మార్చే సాఫ్ట్‌వేర్. అందులో ఏ ఇన్‌స్ట్రక్షన్ వాడాలో ఎంచుకునే ఫంక్షన్ ఒక్కటే 640 లైన్లు. దాన్ని రాసిందీ, ఇప్పుడు ఈమె ప్యాచ్‌లను (కోడ్‌లో చేసి పంపే మార్పులను) రివ్యూ చేసేదీ ఒకే సీనియర్. ఆయనది పాలమూరు వైపు. ఈమె ఆయన్ను "అన్నా" అంటారు, పని నేర్పింది కూడా ఆయనే.

ఆ ఫంక్షన్‌లో దాదాపు ఒకేలా ఉన్న నాలుగు లైన్ల షరతు ఏడు చోట్ల కనిపించింది. ఆపరాండ్ (ఇన్‌స్ట్రక్షన్ పనిచేసే విలువ) కాన్‌స్టాంటా, పూర్ణాంకమా, పవర్ ఆఫ్ టూనా (1, 2, 4, 8 లాంటిదా), 32 బిట్లలోపేనా అని అడిగే షరతు. దాన్ని మూడు ట్రూ-ఫాల్స్ పారామీటర్లు (పిలిచేటప్పుడు ఇచ్చే విలువలు) ఉన్న ఒక చిన్న ఫంక్షన్‌గా మార్చారు. అదే ఊపులో మొత్తం 23 చిన్న ఫంక్షన్లు రాసి ఒకే ప్యాచ్‌గా పంపారు. అది తిరిగొచ్చింది. "ఇవన్నెందుకు చెల్లే? పైకెల్లి కిందికి సీదా సదువుకుంట పోయేటోణ్ని ఇర్వైమూడు తావుల ఎగురుమంటున్నవ్" అన్నారట ఆయన. దానికి తోడు, అంతకుముందు కోడ్‌లో కలిసిపోయిన ఈమె చిన్న ఫంక్షన్ ఒకటి తప్పుగా పనిచేస్తోందని మూడు వారాల తర్వాత బయటపడింది. ఫ్లోట్ల (దశాంశ సంఖ్యల) కూడికలో సున్నా ముందుండే ప్లస్-మైనస్ గుర్తు మారిపోయింది. మీటింగ్‌లో అందరి ముందు ఆయన "జూసినవా?" అన్నారు. అప్పటి నుంచి ప్యాచ్ పంపాలంటేనే చేయి ఆడడం లేదట. "ఆ ఫంక్షన్ ఎన్నిసార్లు తెరిచినా మొదటి పేజీ మళ్లా కొత్తగనే ఉంటది. లోపం నాదేనా? ఈ పని బంద్ చేయాల్నా, టీమ్ మారాల్నా? రెండు నెలల్ల అప్రైజల్ ఉంది" అని అడుగుతున్నారు.

మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకే ముడిలో పడ్డాయి. చిన్న ఫంక్షన్లు అవసరమా అన్నది ఒకటి. 23 ఒకే మూటగా పంపడం రెండోది. ఆ "జూసినవా" మూడోది. వీటికి ఉమ్మడి జవాబు వెతికితే "మానేయడమే మంచిది" అనిపిస్తుంది. విడదీసి చూస్తే అలా అనిపించదు.

ముందు లోపం సంగతి. 640 లైన్ల ఫంక్షన్‌లో 400వ లైను దగ్గరికి వచ్చేసరికి, పైన ఏ కేసులు రిటర్న్ అయిపోయాయో, ఏ పాయింటర్ (మెమరీలో చోటును చూపే విలువ) నల్ (ఖాళీ) కాదని ఇప్పటికే తేలిందో మనసులో మోయాలి. మీ అన్న ఆ ఫంక్షన్‌ను చదవడం లేదు, గుర్తు చేసుకుంటున్నారు. కాబట్టి ఆయనకు అది సీదాగానే ఉంటుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు, మీకు తెలివి తక్కువా కాలేదు.

అయితే ఆయన ఫిర్యాదులో పస ఉంది. చిన్న ఫంక్షన్ పేరు చదివాక లోపల ఏముందో తెరిచి చూడాల్సి వస్తే, ఆ ఫంక్షన్ పని తగ్గించలేదు, పెంచింది. మీరు పంపిన జాబితాలో "చెక్-ఆపరాండ్", "హ్యాండిల్-స్పెషల్-కేస్" అనే పేర్లున్నాయి. ఆపరాండ్‌లో ఏం చెక్ చేస్తుంది? అవునంటే మంచిదా, చెడ్డదా? ఎవరైనా తెరవాల్సిందే. అదే "ఈజ్-షిఫ్టబుల్-మల్టిప్లయర్" అంటే, గుణకారాన్ని షిఫ్ట్‌గా (బిట్లను పక్కకు జరపడంగా) మార్చదగిన కాన్‌స్టాంటా అన్న ప్రశ్న పేరులోనే ఉంది. ప్రతి చిన్న ఫంక్షన్‌కూ ఒక పరీక్ష పెట్టుకోండి: దాని లోపలి భాగాన్ని ఎడిటర్‌లో మడిచేసి, పిలిచిన చోటును మాత్రమే చదవండి. ఆగకుండా ముందుకు పోగలిగితే ఉంచండి. ఆగితే పేరు మార్చండి, లేదా తీసేయండి. మీ 23లో ఈ పరీక్షకు ఎన్ని నిలుస్తాయో చూడండి. ఒక్క లైనుండి ఒకే చోట వాడేవాటిలో చాలావాటికి ఫంక్షనే అక్కర్లేదు, మంచి పేరున్న బూల్ (ట్రూ-ఫాల్స్) వేరియబుల్ చాలు.

ఆ మూడు ట్రూ-ఫాల్స్‌ల ఫంక్షన్ గురించి గట్టిగానే చెప్పాలి. పిలిచిన చోట "ట్రూ, ఫాల్స్, ట్రూ" అని కనిపిస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? అసలు అక్కడ ఈ మూడు ట్రూ-ఫాల్స్ జెండాలు ఎందుకు పుట్టాయో ఆలోచించండి. ఏడు చోట్లా షరతు "దాదాపు" ఒకేలా ఉంది. ఆ "దాదాపు" లోపలే అసలు సమాచారం దాగి ఉంది. మీరు దాన్ని జెండాలుగా మార్చి మూత పెట్టారు.

కాగితం మీద ఏడు అడ్డ వరసలు, నాలుగు నిలువు గళ్లు గీయండి. ప్రతి చోటా నాలుగు ప్రశ్నల్లో ఏవి అడుగుతున్నారో టిక్ పెట్టండి. మీరు పంపిన కోడ్ ముక్కల ప్రకారం ఐదు వరసలు అచ్చంగా ఒకటే. అలైన్‌మెంట్ (డేటా మెమరీలో ఏ హద్దు దగ్గర మొదలవాలన్నది) చూసే ఐదో చోట సున్నా కూడా చెల్లుతుంది. ఏడో చోట 32 బిట్ల హద్దు లేదు.

ఐదో చోటు చూడండి. "ఎన్ & (ఎన్ - 1)" సున్నా అయితే పవర్ ఆఫ్ టూ అనేది అందరికీ తెలిసిన ఉపాయం. ఎన్ సున్నా అయినప్పుడు కూడా అది సున్నానే ఇస్తుందన్నది చాలామంది మరిచిపోతారు. అందుకే మిగతా చోట్ల "ఎన్ సున్నా కాకూడదు" అని ముందు ఇంకో ముక్క ఉంది, ఐదో చోట లేదు. మరిచిపోయారా, కావాలనే వదిలేశారా? అలైన్‌మెంట్ సున్నా అంటే "ఏమీ చెప్పలేదు" అన్న అర్థంలో వాడే కంపైలర్లు ఉన్నాయి. మీదీ అలాంటిదైతే అది తప్పు కాదు, ఉద్దేశం. కోడ్ చూసి ఈ తేడా చెప్పలేం. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, ఆ లైన్ల చరిత్రను "గిట్ లాగ్" ఎల్ ఆప్షన్‌తో తీస్తే ఎప్పుడు, ఏ మార్పుతో వచ్చాయో కనిపిస్తుంది. అక్కడా తేలకపోతే రాసిన మనిషినే అడగాలి.

ఏడో చోటు వేరే రకం. హద్దు లేకపోవడం నిజంగానే తప్పు కావచ్చు. అయినా చిన్న ఫంక్షన్ పెట్టే ప్యాచ్‌లోనే దాన్ని సరిచేయకండి. ఎల్‌ఎల్‌విఎం అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ ప్రాజెక్టులో ప్రవర్తన మారని ప్యాచ్‌ల శీర్షికలో "ఎన్‌ఎఫ్‌సీ" అని రాస్తారు. పనితీరులో మార్పు లేదని దాని అర్థం. ఆ మూడక్షరాలు రివ్యూ చేసేవాడికి ఇచ్చే మాట. ఒక తప్పును సరిచేసినా ఆ మాట పోయినట్టే. ఐదు ఒకేలాంటి చోట్లను ఒక ప్యాచ్‌లో మార్చండి, ఏడోదాన్ని టెస్టుతో సహా ఇంకో ప్యాచ్‌లో సరిచేయండి, ఐదోదాన్ని ఉన్నదున్నట్టు వదిలి పైన ఒక కామెంట్ రాయండి. అప్పుడు జెండాల అవసరమే రాదు.

ఇక ఆ సున్నా గుర్తు సంగతి. ఎక్స్ కూడిక సున్నా అంటే ఎక్స్ అన్నది పూర్ణాంకాల్లో నిజం. ఫ్లోట్లలో సున్నాలు రెండు, ధన సున్నా, రుణ సున్నా. ఎక్స్ రుణ సున్నా అయి దానికి ధన సున్నా కలిపితే, మామూలు రౌండింగ్‌లో ధన సున్నా వస్తుంది. మీ కంపైలర్ కూడికను తీసేసి ఎక్స్‌నే ఉంచింది కాబట్టి రుణ సున్నా మిగిలింది. ఆ తర్వాత ఎవరైనా 1ని దానితో భాగిస్తే ధన అనంతం రావాల్సిన చోట రుణ అనంతం వస్తుంది. రుణ సున్నాను కలిపినప్పుడైతే ఎక్స్ మారదు, అక్కడ కూడికను తీసేయొచ్చు. పాత కోడ్‌లో ఆ చోట గుర్తు బిట్‌ను చూసే ఒక ముక్క ఉంది. అనవసరంగా కనిపించింది, మీ "ఈజ్-జీరో"లోకి వచ్చేటప్పుడు రాలిపోయింది.

ఈ బోల్తా మీరొక్కరే పడేది కాదు. అందుకే ఎల్‌ఎల్‌విఎంలో సున్నాను పట్టే సాధనాలకు విడివిడి పేర్లున్నాయి: పూర్ణాంకపు సున్నాకు ఎం-జీరో-ఇంట్, ధన ఫ్లోట్ సున్నాకు ఎం-పాజ్-జీరో-ఎఫ్‌పీ, రుణ సున్నాకు ఎం-నెగ్-జీరో-ఎఫ్‌పీ, రెండిట్లో ఏదైనా సరే అంటే ఎం-ఎనీ-జీరో-ఎఫ్‌పీ. పేర్లు పొడుగే. కానీ రాసేవాణ్ని ఆపి "ఏ సున్నా?" అని అడుగుతాయి. మీ ఫంక్షన్‌కు "ఈజ్-ఇంట్-జీరో" అని పేరుంటే, ఫ్లోట్ కూడిక దగ్గర దాన్ని రాస్తూ మీ చేయే ఆగేది. చిన్న ఫంక్షన్ ఉండటం ఇక్కడ తప్పు కాలేదు, దాని పేరు దాని పని కంటే వెడల్పుగా ఉంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి, మీ 23లో కనీసం మూడింటికి తగులుతాయి. మొదటిది నల్ సంగతి. పాత కోడ్‌లో "పాయింటర్ ఉందా, ఉంటే దాని టైప్ పూర్ణాంకమా" అని అండ్-అండ్‌తో రాస్తే, పాయింటర్ లేనప్పుడు రెండో భాగం నడవదు. మీరు టైప్‌ను పారామీటర్‌గా తీసుకునే ఫంక్షన్ రాశారు. పారామీటర్లు ఫంక్షన్‌లోకి పోకముందే లెక్కించబడతాయి, కాబట్టి పాయింటర్ నల్ అయిన రోజు అక్కడే కూలుతుంది. పేరున్న బూల్ వేరియబుల్‌కూ ఇదే ప్రమాదం. పాయింటర్‌నే పంపి లోపల చెక్ చేయండి. నల్ రావచ్చా, రాకూడదా అన్నది పేరులో తెలిస్తే మరీ మంచిది. ఎల్‌ఎల్‌విఎంలో "కాస్ట్" అంటే టైప్ తప్పితే అసర్షన్ (కోడ్ తనను తాను సరిచూసుకునే చెక్) దగ్గర ఆగిపోతుంది, "డైన్-కాస్ట్" అంటే నల్ ఇస్తుంది. పేరు చూడగానే ఏది చెక్ చేయాలో తెలిసిపోతుంది.

రెండోది ఇన్‌స్ట్రక్షన్లను పుట్టించే ఫంక్షన్లు. మీరు వరసగా మూడు లైన్లలో ఉన్నదాన్ని ఒకదానిలో ఒకటి పెట్టి, "యాడ్" లోపల రెండు "లోడ్" పిలుపులుగా మార్చారు. సీ ప్లస్ ప్లస్‌లో ఒక ఫంక్షన్ పారామీటర్లలో ఏది ముందు లెక్కించాలో నియమం లేదు. సీ ప్లస్ ప్లస్ కంపైలర్లలో క్లాంగ్ ఎడమ నుంచి పోతుంది, జీసీసీ తరచూ కుడి నుంచి పోతుంది. అంటే మీ కంపైలర్‌ను దేనితో బిల్డ్ చేశారన్న దాన్ని బట్టి అది పుట్టించే లోడ్‌ల వరస మారుతుంది. మీ యంత్రం మీద టెస్టులు పాస్, బిల్డ్ సర్వర్ మీద ఫెయిల్. ఇలాంటిది వెతకడానికి రెండు రోజులు పోతాయి. పుట్టించే పిలుపులను విడి లైన్లలోనే ఉంచండి.

మూడోది, లూప్ లోపల నుంచి పిలిచినప్పుడు ఇన్‌స్ట్రక్షన్‌ను తుడిచేసే ఫంక్షన్. "సింప్లిఫై" అన్న పేరు చూసి అది తుడిచేస్తుందని ఎవరూ అనుకోరు. బయటి లూప్ చేతిలోని ఇటరేటర్ (ఎక్కడిదాకా వచ్చామో చూపేది) చచ్చిపోతుంది. తుడిచేది అయితే పేరులో "ఎరేజ్" ఉండాల్సిందే.

మొదట ఏవి పంపాలన్నది ఇక్కడి నుంచే తేలుతుంది. ఏమీ మార్చకుండా అవును-కాదు మాత్రమే చెప్పే ఫంక్షన్లు అన్నిటికంటే చవక, ముందు అవే పంపండి. అందులోనూ తేలిగ్గా గెలిచేది లూప్ ఉన్నది. "ఫౌండ్" అనే జెండా, లూప్, బ్రేక్, తర్వాత ఇఫ్, ఇలా పదేసి లైన్లు తినేవి మీ ఫంక్షన్‌లో నాలుగున్నాయి. వాటిని విడి ఫంక్షన్‌గా తీసి లోపల నేరుగా రిటర్న్ చేయమని ఎల్‌ఎల్‌విఎం కోడింగ్ నియమాల్లోనే ఉంది. పదిలైన్లు ఒక్క ఇఫ్ అవుతాయి, జెండా మాయమవుతుంది. పుట్టించేవి, తుడిచేవి ఆ తర్వాత.

ఆయన లేవనెత్తే మిగతా అభ్యంతరాలకు జవాబులు దగ్గర పెట్టుకోండి. వేగం తగ్గుతుందంటారు. అదే ఫైల్‌లో స్టాటిక్‌గా (ఆ ఫైల్‌కే పరిమితమై) ఉన్న రెండు మూడు లైన్ల ఫంక్షన్ ఓ-2 అనే ఆప్టిమైజేషన్ స్థాయిలో దాదాపు ఎప్పుడూ ఇన్‌లైన్ అయిపోతుంది, అంటే దాని కోడ్ పిలిచిన చోటే కలిసిపోతుంది. నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే చోట: వాడకాలన్నిటినీ తిరిగి చూసే ఖరీదైన లెక్కను పాత కోడ్ ఒకసారి చేసి వేరియబుల్‌లో దాచుకుంటే, మీ ఫంక్షన్ పిలిచిన ప్రతిచోటా మళ్లీ చేస్తుంది. లినక్స్‌లోని "పెర్ఫ్ స్టాట్"తో, నడిచిన ఇన్‌స్ట్రక్షన్ల లెక్క తీసి చూపండి. గడియారంలో టైము ఊగుతుంది, ఆ లెక్క చాలా తక్కువ ఊగుతుంది. డీబగ్గర్‌లో ఎగరాల్సి వస్తుందంటారు. అది నిజమే, కానీ జీడీబీ డీబగ్గర్‌లో "స్కిప్ ఫంక్షన్" అని పేరు ఇస్తే దాని లోపలికి దిగదు. ఏ లైను ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో అన్ని లైన్లకూ మీ పేరే వస్తుందంటారు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి కొన్ని కమిట్లను బ్లేమ్ లెక్కలోంచి తప్పించే వీలుంది. ఆ కమిట్ నంబర్లను ఒక ఫైల్‌లో రాసి రిపాజిటరీలో పెట్టి, ఆ ఫైల్ పేరును గిట్ సెట్టింగుల్లో (blame.ignoreRevsFile) ఇవ్వాలి.

"ఏమీ మారలేదు" అన్నదానికి రుజువు ఇలా. పాత కంపైలర్, కొత్త కంపైలర్, రెండూ బిల్డ్ చేసి, మీ టెస్టుల్లోని ప్రతి ఫైల్‌నూ రెండిటితో ఓ-0లోనూ ఓ-2లోనూ అసెంబ్లీకి మార్చి, బైట్ బైట్ పోల్చండి. అంతకుముందు పాతదాన్నే రెండుసార్లు నడిపి పోల్చండి. పాయింటర్ల మీద హ్యాష్ టేబుల్ వాడిన చోట వరస పరుగు పరుగుకూ మారవచ్చు. అలా మారుతుంటే మీ పోలికకు అర్థం లేదు, ముందు అది సరిచేయాలి. జీసీసీని బూట్‌స్ట్రాప్ చేసేటప్పుడు (అంటే దాన్ని దానితోనే మళ్లీ బిల్డ్ చేసేటప్పుడు) రెండో దశ, మూడో దశ ఆబ్జెక్ట్ ఫైళ్లను పోల్చి చూసేది ఇలాంటి పద్ధతే. కాకపోతే మీ టెస్టుల్లో రుణ సున్నా ఒక్కటీ లేదని మీరే రాశారు, కాబట్టి ఈ పోలిక ఆ తప్పును పట్టేది కాదు. షరతును ముట్టుకున్న ప్రతిసారీ అంచుల మీద టెస్టులు కలపండి: 0, 1, -1, అతి చిన్న పూర్ణాంకం, రెండు ఫ్లోట్ సున్నాలు, నాన్ ("సంఖ్య కాదు" అని చెప్పే ఫ్లోట్ విలువ).

ఇప్పుడు మీ ముందున్న దారులు.

పూర్తిగా మానేయవచ్చు. అప్రైజల్ దాకా ఎవరితో గొడవ ఉండదు. కానీ ఆ ఫంక్షన్‌లో మీరు చేసే ప్రతి పనికీ ఇప్పుడు పట్టే టైమే పడుతుంది. ఏడో చోట హద్దు తప్పయితే అది అక్కడే ఉంటుంది. "నెమ్మది" అన్న పేరు మీకు వస్తుంది.

వేరే పని మీద ఆ కోడ్‌ను ముట్టుకున్నప్పుడు మాత్రమే, ఆ పనికి ముందు ప్యాచ్‌గా ఒకటి రెండు చిన్న ఫంక్షన్లు పెట్టవచ్చు. "దీనివల్ల తర్వాతి ప్యాచ్ పన్నెండు లైన్లకు తగ్గింది" అని చూపగలుగుతారు, వాదన అక్కడితో సగం తీరుతుంది. నెమ్మదిగా జరుగుతుంది, 640 లైన్లు తగ్గడానికి ఏడాది పట్టవచ్చు. నా మొగ్గు ఇటే.

లేదా ఆయన్నే కలుపుకొని ఒక వరస ప్యాచ్‌లుగా, ఒక్కోటి నూటయాభై లైన్లకు మించకుండా పంపవచ్చు. ఫంక్షన్ పెట్టడం, దాన్ని వాడటం ఒకే ప్యాచ్‌లో ఉండాలి. వాడని స్టాటిక్ ఫంక్షన్ మీద వార్నింగ్ వస్తుంది, మీ బిల్డ్‌లో వార్నింగులు ఎర్రర్లయితే ఆగిపోతుంది. ఈ దారిలో ఫలితం తొందరగా కనిపిస్తుంది. కానీ ఆయన మనసు కుదరకపోతే పదో ప్యాచ్ దగ్గర ఆగుతుంది, అప్పుడు సగం పాత పద్ధతి, సగం కొత్త పద్ధతి మిగులుతాయి. ఆ స్థితి రెండిటికంటే అధ్వాన్నం.

టీమ్ మారడం మీ చేతిలో ఉన్నదే, ఎవరూ తప్పు పట్టరు. అయితే పెద్ద ఫంక్షన్, దాన్ని గుండెల్లో పెట్టుకున్న పెద్దమనిషి తర్వాతి టీమ్‌లోనూ ఉండొచ్చు. "జూసినవా" ఒక్కసారి నోరు జారిన మాటో, అలవాటో మీకే తెలియాలి. అలవాటైతే, ఇంకో రెండు మీటింగుల్లో కూడా అదే జరిగితే, కోడ్‌తో సంబంధం లేకుండా మేనేజర్‌తో విడిగా మాట్లాడాల్సిందే. ఏ తేదీన ఏమన్నారో రాసి పెట్టుకోండి. అప్రైజల్‌లో ఆ సున్నా తప్పు వస్తే దాచకండి. కారణం ఇది, టెస్టు కలిపాను, పేరు మార్చాను అని మూడు ముక్కల్లో చెప్పండి.

ఒకసారి మాత్రమే అన్న మాటైతే, ఈసారి హైదరాబాద్ వెళ్లిన రోజు ప్యాచ్ తీసుకుపోకండి. ఆ ఏడు వరసల కాగితం తీసుకుపోండి. "అన్నా, ఈ ఐదో కాడ సున్నాను ఎందుకు రానిచ్చినవ్?" అని అడగండి. ఆయన చెప్పిన జవాబును, ఆయన ఎదుటే, ఆ లైను పైన కామెంట్‌గా టైప్ చేసి, అదొక్కటే ప్యాచ్‌గా పంపండి. రివ్యూ ఆయనే చేయాలి కదా.